జెన్యూన్ వారసత్వం

మా గోదావరిఖనిలో వారసత్వం అనే మాటకు ఒక్కటే అర్థం. తండ్రి ఇక బొగ్గు బాయిలో దిగి పనిచేయలేడని డాక్టర్ల బోర్డు తేల్చి 'అన్‌ఫిట్' అని రాస్తే, ఆ ఇంట్లో కొడుక్కి కంపెనీలో ఉద్యోగం వస్తుంది. కాగితాల మీద దానికి వేరే పేరేదో ఉంది. చాయ్ హోటల్లో మాత్రం వారసత్వమే. అందుకని ఆ రోజు జరిగినదానికి నన్నొక్కణ్ణే తిట్టడం న్యాయం కాదని ఇప్పటికీ నా వాదన. తిట్టిన మనిషి మాత్రం ఒప్పుకోదు.

నా పేరు వీరేందర్. బీటెక్ మెకానికల్. పాసయ్యాను, అంతకు మించి దాని గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. చౌరస్తా దగ్గర మా దోస్తు శివకు ఫ్లెక్సుల షాపు ఉంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని, పుట్టినరోజు జరుపుకునే లీడర్ల ముఖాలకు తెలుపు పూస్తుంటాను. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే మాత్రం "వారసత్వం కోసం చూస్తున్న" అంటాను. ఫ్లెక్సుల పని టెంపరరీ అని నా ఉద్దేశం. నాలుగేళ్లుగా టెంపరరీగానే ఉంది.

ఆ జులైలో ఒక డిగ్రీ కాలేజీ నుంచి వాట్సాప్‌లో ఆర్డరు వచ్చింది. "జన్యు వారసత్వం: ఎవరికి ఏది వస్తుంది, ఎందుకు రాదు? వక్త వేదిక. కమ్యూనిటీ హాల్, ఆదివారం ఉదయం. అందరూ ఆహ్వానితులే."

చదవగానే నాకు రెండు తప్పులు కనిపించాయి. 'జన్యు' ఏమిటి? జెన్యూన్ అని రాయబోయి చివరి అక్షరం మింగేశారు, పాపం. ఇక 'వక్త వేదిక' అట. వేదిక అంటే మీటింగు జరిగే చోటు. ప్రతి ఫ్లెక్సు మీదా ఆ మాట కొట్టేది నేనే. వక్త పేరు రాయడం మరిచిపోయారని అర్థం చేసుకుని, రెండూ దిద్దేశాను.

పైన ఎర్రటి అక్షరాలతో 'జెన్యూన్ వారసత్వం' అని, కింద 'వేదిక: కమ్యూనిటీ హాల్' అని పెట్టాను. బోసిగా ఉందనిపించి టోపీ లైటు పెట్టుకున్న కార్మికుడి బొమ్మ కూడా ఒకటి అతికించాను. ఆ బొమ్మకు వేరే పైసలు కూడా తీసుకోలేదు.

ఆదివారం పొద్దున హాల్లో కుర్చీలు చాలలేదు. ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకుని కాలనీకి కాలనీయే తరలివచ్చింది. మా నాన్నతో, అదే మా బాపుతో, కలిసి పనిచేసే ఎల్లన్న కాక ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన కనకవ్వ, పెళ్లయిన బిడ్డను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నేను వెనక గోడకు ఆనుకుని, ఇంత జనం నా డిజైన్ వల్లే వచ్చారని శివకు వివరిస్తున్నాను.

స్టేజీ మీదికి ఒక అమ్మాయి వచ్చింది. ఆకుపచ్చ చుడీదారు, చేతిలో ఉన్ని దారం ఉండ. ఆమె జనాన్ని చూసి ఒక్క క్షణం తబ్బిబ్బయింది. తర్వాత మొహం వెలిగిపోయింది. సైన్సు కోసం ఇంత మంది వస్తారని ఆమె కలలో కూడా అనుకుని ఉండదు.

"నమస్కారం. మన ఒంట్లో ఒక్కొక్క కణంలో దాదాపు రెండు మీటర్ల దారం ఉంటది. దాని పేరు డీఎన్ఏ. కంటికి కనపడనంత చిన్న గదిల అది ఎట్ల పడుతదో ఈ రోజు చెప్తా."

"అది సరె గని బిడ్డా, బోర్డు ఎన్నడు పెడుతరు?" అన్నాడు ఎల్లన్న కాక.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "బోర్డు ఇక్కడ్నే ఉంది కద అంకుల్. సుద్దముక్క కూడ ఉంది."

కనకవ్వ లేచింది. "నాకు తెల్వక అడుగుత. వారసత్వం కొడుకుకే వస్తదా, బిడ్డకు సుత వస్తదా?"

"ఇద్దరికీ సమానంగ వస్తది," అంది ఆ అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా.

హాలంతా గుసగుసలు. "పెండ్లయి పోయినా?"

"పెండ్లికీ దానికీ ఏం సంబంధం?"

"అల్లుడు సంతకం పెట్టాల్నా?"

"ఎవ్వరి సంతకం అక్కర్లేదమ్మా. కడుపుల పడ్డప్పుడే వచ్చేస్తది."

చప్పట్లు మోగాయి. వెనక ఎవరో ఈలవేశారు. కనకవ్వ బిడ్డ కళ్లు తుడుచుకుంది. ఎల్లన్న కాక మాత్రం లేచి నిలబడి, కడుపులో పడ్డప్పుడే ఉద్యోగమిస్తే డ్యూటీ ఎవరు చేయాలని గట్టిగా అడిగాడు. అప్పుడు తేలింది అసలు సంగతి. ఆమె బయటికి వెళ్లి ఫ్లెక్సు చూసి వచ్చింది.

"ఎవరు చేసిండ్రు ఇది?"

చిన్నప్పటి నుంచీ నాతో ఒకే కంచంలో తిన్న శివ, నావైపు వేలు చూపించడానికి రెప్పపాటు కూడా ఆలోచించలేదు.

జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు. బయట వాన పట్టుకుంది. హాలు చూరు కింద నేను, ఆమె, ఆ ఫ్లెక్సు మిగిలాం.

"జన్యు అంటె ఏందో తెల్వదా?"

"జెన్యూన్‌ల నకారం పోయిందనుకున్న మేడం."

"నా పేరేమైంది?"

"ఏం పేరు?"

"వేదిక."

"పెట్టిన గద. పెద్దక్షరాల్ల పెట్టిన. వేదిక, కమ్యూనిటీ హాల్."

"నేను హాల్‌ను కాదు."

"ఇప్పుడు చూస్తె తెలుస్తంది మేడం."

ఆమె మొహం పక్కకు తిప్పుకుని వానను చూసింది. నవ్వు ఆపుకోవడానికే అని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వానను కూడా తిట్టబోతోందనుకున్నాను.

"ఇంకోసారి మళ్ల చెప్త. కొత్త ఫ్లెక్సు ఫ్రీగ చేసియ్యాలె. ఇంకోటి, ఏం ప్రింట్ చేస్తున్నవో నీకు అర్థమైనంకనే ప్రింట్ కొట్టాలె."

ఆ రెండో షరతు వల్లే నా బతుకు మారింది. నాకు అర్థం కావడానికి చాలా సాయంత్రాలు పట్టింది. అందులో సగం సాయంత్రాలు నేను కావాలనే అర్థం చేసుకోలేదు.

వేదికది మంథని. వాళ్ల నాన్న పేరు ఉమామహేశ్వర్. గుడిలో పూజారి, సంస్కృతం కూడా చెబుతాడు. ఆమె జువాలజీ చదివి, ఇక్కడి కాలేజీలో పాఠాలు చెబుతూ, జ్యోతినగర్‌లో పిన్ని క్వార్టర్లో ఉంటోంది. కాలేజీ అయ్యాక షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, ఉన్ని దారం తీసేది.

"ఇది డీఎన్ఏ. దీన్ని గిట్ల ఉండ చేసి కుక్కితె చిక్కు పడుతదా లేదా?"

"పడుతది."

"అందుకే సెల్లుల హిస్టోన్లని ప్రోటీన్లుంటయి. దారం వాటికి చుట్టుకుంటది."

"అంటె మా బాపు హాలేజీ లెక్క," అన్నాను. మా బాపు పేరు ముత్యం. బాయిలో బొగ్గు టబ్బులు లాగే హాలేజీ ఇంజను నడుపుతాడు. "పెద్ద డ్రమ్ముకు ఇనుప తాడు చుట్టి ఉంటది. ఇడిస్తె టబ్బులు కిందికి పోతయి."

ఆమె కనుబొమలు పైకి లేచాయి. నాలుగేళ్ల బీటెక్‌లో నావైపు ఎవరూ అలా చూడలేదు. పొంగిపోయాను.

"మంచిగనే చెప్పినవు. కని తప్పు చెప్పినవు," అంది. "ఒక్క డ్రమ్ము కాదు, కోట్ల డ్రమ్ములు. ఒక్కొక్కదానికి దారం రెండు చుట్లు కూడ నిండ చుట్టుకోదు, పక్కదానికి పోతది. అవన్నీ మళ్ల దగ్గర దగ్గరకు ముడుచుకుంటయి. ఇంకోటి, పని పడితె సెల్లు తాడంత ఇప్పది. ఎక్కడ పనుందో అక్కడ్నే ఒదులైతది. బిగుసుకున్నకాడ జీన్ ఉన్నా లేనట్టే. సెల్లు దాన్ని సదవలేదు."

"అయితె కంట్లె, కాలేయంల వేర్వేరు డీఎన్ఏ ఉండదా?"

"ఒక్కటే. కంట్లె ఏది తెరుచుకున్నది, కాలేయంల ఏది తెరుచుకున్నది, గదే తేడా. చిన్న చిన్న రసాయన గుర్తులు అతుక్కుంటయి. కొన్ని ఒదులు చేస్తయి, కొన్ని బిగిస్తయి. తాత తండ్రుల నుంచి ఏమొచ్చిందో అంతే అని కూసుంటె కాదు. వచ్చినదాంట్ల ఏది తెరుచుకున్నదో చూడాలె."

నేను గంభీరంగా తలూపాను. "నా సంగతి ఇప్పుడర్థమైంది. నాకు ధైర్యం జీన్ ఉంది గని, గట్టిగ చుట్టుకొని ఉన్నట్టుంది."

"ధైర్యానికని ఒక్క జీన్ ఉండది. బద్దకానికి సాకు కావాల్నంటె వేరే సైన్సు చూస్కో."

చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూస్తూ లీడరు బుగ్గలకు పూయాల్సిన తెలుపు ఆయన మీసాలకు పూశాను. మర్నాడు వాళ్ల మనుషులు వచ్చి శివతో గొడవపడ్డారు. నాకేమీ అనిపించలేదు. ఆమె అంటే నాకు ప్రాణం అని ఆ రోజే తెలిసిపోయింది. చెప్పడానికి మాత్రం మంచి రోజు కోసం చూస్తూ కూర్చున్నాను. చూస్తూ కూర్చోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఒక సాయంత్రం వానలో మిర్చి బజ్జీలు తింటుంటే అడిగింది. "అందరూ నిన్ను వారసత్వం వీరేందర్ అంటున్నరేంది?"

"బాపుకు అన్‌ఫిట్ కోసం చూస్తున్నం. వస్తె నౌకరి నాదే."

"అన్‌ఫిట్ అంటె?"

"నడుమో, ఊపిరితిత్తులో, ఏదో ఒకటి ఖరాబైందని రావాలె."

ఆమె బజ్జీ కింద పెట్టింది. "మీ బాపుకు రోగం రావాల్నని చూస్తున్నవా?"

"మేం అట్ల అనం. పని అయితది అంటం."

ఆమె తన పొట్లం నావైపు జరిపింది. నేను మిగిలిన బజ్జీలన్నీ తిన్నాను. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు తినడం మా ఇంటి అలవాటు.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఎవరికీ అది తప్పుగా అనిపించలేదు. అందరికంటే బాపుకే తొందరగా ఉండేది. బోర్డు తేదీ వచ్చిన దగ్గర నుంచి అద్దం ముందు నిలబడి దగ్గడం ప్రాక్టీసు చేసేవాడు.

"ఎట్లున్నది?" అని అడిగేవాడు మా అమ్మ సారవ్వను.

"నువ్వు దగ్గుతుంటె స్కూటర్ స్టార్ట్ చేసినట్టుంది. డాక్టరు ఎక్కి కూసుంటడు," అనేది అమ్మ.

"ఒసేయ్, నవ్వకు. కొడుకు పెండ్లి ముచ్చట ఇది." శివ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి వేదిక సంగతి అప్పటికే మా ఇంటికి చేరిపోయింది. "పంతులు గారి బిడ్డ. ఉత్త చేతుల్తోని పోయి అడుగుతమా? కంపెనీల నౌకరుంటె ఆయన ముందట నిలవడొచ్చు."

బోర్డు గురువారం అనగా, మంగళవారం బస్టాండులో వేదిక బ్యాగుతో కనిపించింది.

"మంథని పోతున్న. గురువారం నన్ను చూసుకోవడానికి కరీంనగర్ వాళ్లొస్తున్నరు."

"మరి?"

"మరి అని నువ్వు అడుగుతున్నవా? నాన్నకు నీ గురించి చెప్పిన. ఫ్లెక్సు సంగతి విని కడుపుబ్బ నవ్విండు. మిగిలింది ఆయనకు నువ్వే చెప్పాలె. వాళ్లు రాకముందే ఫోన్ చెయ్యి."

"గురువారమే బోర్డు ఉంది. నౌకరి సంగతి తేలంగనే చేస్త."

"నేను నౌకరి అడిగిన్నా?"

"మీ నాన్న అడుగుతడు."

"అడిగితె లేదని చెప్పు."

"ఎట్ల చెప్పాలె వేదికా? చెప్పుకోవడానికి నా దగ్గర ఏముంది?"

"అంటె నీకు నోరు రావాల్నంటె మీ బాపు ఊపిరితిత్తులు పాడు కావాలె. అంతేనా?"

మంథని బస్సు వచ్చింది. ఆమె ఎక్కేసింది. కిటికీలోంచి కూడా నావైపు చూడలేదు. నాకు కోపం వచ్చింది. ఎందుకంటే ఆమె అన్నది నిజం.

గురువారం పొద్దున్నే బాపును దవాఖానకు తీసుకెళ్లాను. రక్తం ఇవ్వాలని ఆయన ఏమీ తినలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒకసారి దగ్గాడు. ఎక్స్‌రే తీశారు. కాసేపటికి డాక్టరు బయటకు వచ్చాడు.

"ముత్యం ఎవరు? ఇంకొకసారి తియ్యాలె. ఛాతిల ఏదో మచ్చ కనపడుతంది."

బాపు నావైపు చూసి కన్నుకొట్టాడు. "అయితది కొడుకా," అన్నాడు. చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. లోపలికి వెళ్తూ దగ్గడం మరిచిపోయాడు.

ఆ చొక్కా ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని పట్టుకుని నిలబడితే, నేను ఇన్నాళ్లుగా ఏం కోరుకుంటూ చాయ్‌లు తాగానో అప్పుడు తెలిసింది. నాకు ఈ మనిషి కావాలి. ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు. ఫోన్ తీసి వేదికకు చేశాను. అటువైపు ఎత్తిన చప్పుడు రాగానే మొదలుపెట్టాను. హలో అనే సందు కూడా ఇవ్వలేదు.

"వేదికా, నువ్వన్నది నిజమే. బాపు ఛాతిల మచ్చ ఉందంటున్నరు. నాకు భయమైతంది. అన్‌ఫిట్ రావద్దని మొక్కుతున్న. నాకు నౌకరి లేదు, రాదు, రాకున్నా మంచిదే. నేను ఫ్లెక్సులు చేస్త, అది గూడ తప్పుల్తోని చేస్త. నేనింతే. కని నువ్వంటె నాకు పాణం. ఇన్ని రోజులు అది లోపల్నే గట్టిగ చుట్టుకొని ఉండె, హిస్టోన్ల చుట్టు, ఇయ్యాల ఒదులైంది. నువ్వు కరీంనగరాయన్ను చేసుకున్నా నేనేమనను. కాదు, అంట. ఏడుస్త. బాపు బాగుంటె సాలు, నువ్వు సుత ఉంటె..."

అటువైపు ఎవరో గొంతు సవరించుకున్నారు. అది మగ గొంతు.

"బాబూ, నేను వేదిక నాన్నను. అమ్మాయి పెరట్ల ఉంది."

గోడ పట్టుకున్నాను.

"ఆ హిస్టోన్ల సంగతి నాకు తెలుసు. అన్నం తినేటప్పుడు కూడ మా ఇంట్ల అదే ముచ్చట. అది పక్కన పెట్టు. మీ నాన్నగారికి ఏం తేలింది?"

"ఇంక తేల్లేదు సార్. లోపల ఉన్నడు."

"తేలంగనే చెయ్యి. నేను ఫోన్ దగ్గర్నే కూసుంట. కరీంనగర్ వాళ్లకు కూడ నేను ఏదో ఒకటి చెప్పాలె గద."

ఫోన్ పెట్టేశాక, ఆ మాటకు అర్థం నేను అనుకుంటున్నదేనా కాదా అని ఆలోచించే ఓపిక నాకు లేదు. తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. అది తెరుచుకుంది. ముందు డాక్టరు వచ్చాడు, నవ్వుతున్నాడు. వెనక బాపు, చేతిలో తాయెత్తు పట్టుకుని, తల దించుకుని వచ్చాడు.

"మచ్చ కాదయ్యా, తాయెత్తు," అన్నాడు డాక్టరు. "అంగీతో పాటు విప్పమంటె బనీను కింద దాచుకున్నడు. ఊపిరితిత్తులు బంగారం లెక్క ఉన్నయి. పూర్తిగ ఫిట్."

అన్‌ఫిట్ రావాలని పొద్దున్నే మా అమ్మ కట్టిన తాయెత్తు అది.

బాపు బెంచీ మీద కూలబడ్డాడు. చొక్కా ఇస్తే తొడుక్కోలేదు. "నీ పెండ్లి ఖరాబు చేసిన కొడుకా," అన్నాడు. "మస్తు దగ్గిన. ఎంత దగ్గినా ఆయన నమ్మలే."

నేను ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. వరండాలో ఉన్నవాళ్లంతా, పాపం పెద్దాయనకు ఏదో పెద్ద రోగమే ఉందని జాలిగా చూశారు. వాళ్లకు చెప్పే స్థితిలో లేను. ఏడుస్తూనే ఫోన్ చేశాను.

"ఫిట్ సార్. మా బాపు ఫిట్."

"శుభం," అన్నాడు ఉమామహేశ్వర్. ఆ ఒక్క మాటలో ఆయన ఎంత ఊపిరి వదిలాడో నాకు వినిపించింది.

ఈలోపు బాపు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. బనీను మీదే లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, దండం. నాది తప్పైంది. నేను ఫిట్ అయిన. మావోనికి ఇప్పట్ల నౌకరి రాదు. పోరడు మంచోడు, జర తెలివి తక్కువ. మీరేమన్నా మేం ఏం అనుకోం."

స్పీకర్ పెద్దదే కాబట్టి అటు మాట నాకూ వినిపించింది.

"ముత్యం గారూ, ఆరోగ్యంగ ఉన్నందుకు తప్పైందని చెప్పిన మనిషిని నేను ఇప్పటిదాక చూడలేదు. కరీంనగర్ వాళ్లను రావద్దన్న. మా దగ్గర అడగాల్సినయి చాన ఉన్నయి. గోత్రం ఉంది, కులం ఉంది, మా చుట్టాల నోళ్లున్నయి. ఒక్కరోజుల తేలేటియి కావు. ఆదివారం మీరు, సారవ్వ గారు మా ఇంటికి రండి. కూసోని మాట్లాడుకుందాం. ఇగో, అమ్మాయి గుంజుకుంటంది, మాట్లాడండి."

ఈసారి గొంతు చిన్నది, నాకందలేదు. బాపు వింటున్నాడు. మెల్లగా ఆయన మొహం మారిపోయింది. ఫోన్‌కు అరచెయ్యి అడ్డంపెట్టి, దవాఖానలో ఎవరికీ వినపడకూడనంత రహస్యంగా నాతో అన్నాడు.

"పిల్ల మాట్లాడుతందిరా. నన్ను మామయ్యా అంటంది. పొద్దటి సంది ఏమన్న తిన్నరా మామయ్యా అని అడుగుతంది. ఏం చెప్పాలె?"

"తిన్లేదు గద. అదే చెప్పు బాపు."

ఆయన చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, అప్పుడు ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

"తిన్లే బిడ్డా," అన్నాడు.